ఓవెన్‌లో తొమ్మిది రోజులు

ఫిబ్రవరి 6

ఇవాళ పోసిన జెల్ నా ఏడేళ్ళ చదువులో నలభై ఒకటోది. అంతా పద్ధతిగా జరిగింది. మెగ్నీషియం ఉప్పు ఆల్కహాల్‌లో చక్కగా కరిగింది. సిలికా ద్రావణం చుక్కచుక్కగా పడింది. పైన ఆసిడ్ నాలుగు బొట్లు. పొద్దున గాజుగిన్నెలో నీళ్ళలా ఉన్నది మధ్యాహ్నానికి చిక్కబడి, గిన్నె వంచినా కదలకుండా కూర్చుంది. మూత బిగించి అరవై డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. మూడు రోజులు అక్కడ ఊరాలి. తరువాత తీసి, ఆరబెట్టి, నూరి, ఫర్నేస్‌లో కాల్చాలి. అదృష్టం బాగుంటే పొడి మొత్తం ఒకే రకం స్ఫటికంగా వస్తుంది. నా అదృష్టం ఇప్పటికి నలభైసార్లు బాగోలేదు.

ఇంతలో ఫోన్. అక్క కర్టెన్ మార్చబోయి స్టూల్ మీదనుంచి పడింది. కాలు విరిగింది. బావ ఓడ మీద ఉన్నాడు, ఒడ్డుకి రావాలంటే పది రోజులు పడుతుంది. ఇద్దరు పిల్లలు, ఇద్దరివీ పరీక్షలు. నేను చేతిసంచీ తీసుకుని బయల్దేరిపోయాను. సెలవులన్నీ ఎప్పుడో వాడేశాను కాబట్టి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి తూనికరాయి కూడా లేదు, ఏదో మీటింగుకని ఊరెళ్ళింది. మా గైడ్‌కి ఈ పేరు పెట్టి ఏడేళ్ళయింది, ఇంతవరకూ ఈ డైరీ గడప దాటలేదు.

బస్సులో రాస్తున్నాను. అక్షరాలు గెంతుతున్నాయి.

ఫిబ్రవరి 9

మూడో రోజు. జెల్ ఇవాళ తీయాలి. మా ల్యాబ్‌లో ఫర్నేస్ చూసుకునే బాబాయికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆయన ఫోన్ జేబుకి అలంకారం.

అక్క టీలో చక్కెర తక్కువైందంటోంది. విరిగింది కాలే, నాలుక కాదు.

ఫిబ్రవరి 12

పెద్దవాడికి లెక్కలు, చిన్నదానికి జడలు, అక్కకి నేను. ఇక్కడ నాకున్న ఏకైక విశ్రాంతి గిన్నెలు తోముకోవడం.

ఫిబ్రవరి 15

బావ దిగాడు, నేను బస్సెక్కాను. నేరుగా ల్యాబ్‌కి వెళ్ళి ఓవెన్ తెరిస్తే గిన్నె పెట్టినచోటే ఉంది. తొమ్మిది రోజులు. జెల్ కొంచెం కుదించుకుపోయి గిన్నె అంచు వదిలేసింది, అంతే. పారేయబుద్ధి కాలేదు. ఆరబెట్టడానికి పెట్టేశాను.

ఇక నోట్‌బుక్. ఏ రోజు పని ఆ రోజే రాయాలి, పక్కన చూసినవాళ్ళు సంతకం పెట్టాలి. జెల్ పోసినవాళ్ళు అది బయటికి వచ్చేదాకా దాన్ని వదిలి పోకూడదు. ఇవన్నీ తూనికరాయి చట్టాలు. ఇలా వదిలి పోయినందుకు నాకు ముందున్న పరిశోధకుణ్ణి వేరే ల్యాబ్‌కి సాగనంపింది. అందుకని తొమ్మిదో తేదీ దగ్గర “మూడో రోజు, ఓవెన్ నుంచి తీశాను, ఆరబెట్టి తడి తగలకుండా దాచాను” అని రాసేశాను. ఎలాగూ తీయాల్సింది మూడో రోజే కదా. పక్కన బాబాయి సంతకం పెట్టాడు. “నువ్వు అక్క కోసం వెళ్ళావు, సినిమాకి కాదు” అన్నాడు. తూనికరాయి ఈ వారమంతా ఊళ్ళో లేదు కాబట్టి బతికిపోయాను.

ఫిబ్రవరి 20

వచ్చింది! నలభై ఒకటోసారికి వచ్చింది!

ఎక్స్‌రే గ్రాఫ్‌లో గీతలన్నీ ఉండవలసిన చోటే నిలబడ్డాయి. ప్రతిసారీ నలభైమూడు డిగ్రీల దగ్గర లేచే ముల్లు అసలు లేదు. నేను కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశాను, తిప్పి చూశాను. లేదు. మిషన్ నడిపే అమ్మాయి నన్ను చూసి నవ్వు ఆపుకుంది.

ఇంటికి తెచ్చి అత్తయ్యకి చూపించాను. “ఇదేమిటి, ఈసీజీనా, ఎవరికి బాగోలేదు?” అంది. కూర్చోబెట్టి చెప్పాను. రెండు పాళ్ళు మెగ్నీషియం, ఒక పాలు సిలికాన్ కలిసిపోయి ఒకే స్ఫటికం కావాలి. సరిగ్గా కలవకపోతే కొంత మెగ్నీషియా విడిగా మిగిలిపోతుంది, అదే గ్రాఫ్‌లో ముల్లులా లేస్తుంది. కలిసిన పొడితో, విరిగిన ఎముకల మధ్య పెట్టే ముక్కలు చేయొచ్చు. అత్తయ్య అంతా విని, అయితే మీ అక్క కాలికి ఓ చెంచా పంపించు అంది.

మా ఇంటాయన తన కళ్ళద్దాల షాపు నుంచి రాగానే గ్రాఫ్ ఫ్రేము కట్టిస్తానన్నాడు. వద్దన్నాను. కట్టిస్తే బాగుండు.

ఫిబ్రవరి 22

తూనికరాయి గ్రాఫ్ చూసింది. ఒక్కసారి తల ఆడించింది. ఆవిడ తల ఆడించడం ఏడేళ్ళలో నాకు తెలిసి ఇది రెండోసారి. మొదటిసారి ఫ్యాన్ శబ్దం చేస్తోందని.

తరువాత నోట్‌బుక్ అడిగింది. ఎర్ర పెన్ను తీసి మొదటి అక్షరం నుంచి చదివింది. ఒకచోట నేను “సుమారు” అని రాస్తే, దాని మీద ఒక్క గీత గీసి, పైన సరైన అంకె వేయించి, పొట్టి సంతకం, తేదీ పెట్టించింది. కొట్టేసిన మాట కూడా కింద కనబడాలి, గీకకూడదు, తెల్లరంగు పూయకూడదు. “గీత లేని మాట నేను ఒప్పుకున్న మాట” అంటుంది ఎప్పుడూ. అలా చదువుతూ తొమ్మిదో తేదీ దగ్గరికి వచ్చింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆ లైను మీద గీత పడలేదు. పేజీ కింద సంతకం పెట్టేసింది.

ఇంతకీ సంగతేమిటంటే, ఈ ఒక్కసారి చాలదట. ఇదే పద్ధతిలో ఇంకో మూడుసార్లు రావాలి, అప్పుడే థీసిస్ మీద సంతకం. గడువు ఏప్రిల్ ముప్పై. ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు, మూడోసారి లేదు. అది దాటితే ఏడేళ్ళూ గోవిందా.

మూడుసార్లే కదా. ఒకసారి వచ్చింది మళ్ళీ రాదా.

మార్చి 3

రాలేదు. నలభైమూడు దగ్గర ముల్లు.

మార్చి 4

ముల్లు మరీ పెద్దదేం కాదు.

పెద్దదే.

మార్చి 11

మళ్ళీ ముల్లు. కానీ దొంగ దొరికాడు. మెగ్నీషియం ఉప్పు సీసా మూత వదులుగా ఉంది. ఆ ఉప్పుకి గాలిలో తేమ కనబడితే చాలు, లాగేస్తుంది. తడిసిన ఉప్పుని తూస్తే అందులో నీళ్ళ బరువు ఎంతో, ఉప్పు బరువు ఎంతో. అదీ సంగతి. కొత్త సీసా తెరిచాను. ఈసారి వచ్చి తీరుతుంది.

మొదటిసారి వచ్చింది కూడా ఈ పాత సీసాతోనే కదా అన్నాడు ఇంటాయన. అద్దాలు అమ్ముకునేవాళ్ళకి రసాయనం ఎందుకని అడిగాను. ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మార్చి 19

కొత్త సీసా. కొత్త ఆల్కహాల్. రెండుసార్లు వడపోసిన నీళ్ళు. గిన్నెని కూడా మార్చాను. మూడు రోజులు సరిగ్గా, గంట అటూ ఇటూ కాకుండా ఊరబెట్టాను.

ముల్లు.

ఇక మిగిలింది ఫర్నేస్. బాబాయి దగ్గరికి వెళ్ళి, నీ ఫర్నేస్ తొమ్మిది వందలు చూపిస్తోంది గానీ లోపల అంత లేదేమో అన్నాను. ఆయన ముప్పై ఏళ్ళుగా దాన్ని తుడిచి, ఇటుకలు మార్చి, రోజూ దానితో మాట్లాడుతూ ఉంటాడు. ఆయన మొహం వాడిపోయింది. “నా ఫర్నేస్ తొమ్మిది వందలంటే తొమ్మిది వందలే అమ్మాయ్. అసలు ఆ మొదటిసారి ఏం జరిగిందో ఒకసారి గుర్తు తెచ్చుకో” అన్నాడు. మొదటిసారి కూడా ఇదే పద్ధతి, నోట్‌బుక్‌లో ఉంది చూసుకో అని విసురుగా వచ్చేశాను.

నోట్‌బుక్‌లో ఉంది. నిజమే. ఉంది.

మార్చి 20

నా బల్ల మీద చీటీ. బాబాయి ఇంకో ఉష్ణమాపకం తెచ్చి ఫర్నేస్ లోపల పెట్టి చూశాడట. తొమ్మిది వందల ఒకటి వచ్చింది. ఒక డిగ్రీ ఎక్కువున్నందుకు మన్నించమని కింద రాశాడు.

సిగ్గేసింది. టీ తీసుకెళ్ళి ఇచ్చాను. తాగాడు. నాతో కాకుండా ఫర్నేస్‌తో మాట్లాడాడు.

మార్చి 22

ఆలోచించాను. ఫిబ్రవరిలో చలి, ఇప్పుడు వేడి. అదే కారణం కావచ్చు. లేదా నీళ్ళ పైపు మార్చారు. లేదా అప్పుడు కలిపిన చెయ్యి కుడిది. తల ప్రాణం తోకకి వచ్చింది.

మార్చి 23, ఆదివారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

పొద్దున అత్తయ్యతో మాటామాటా అనుకున్నాం. పెద్ద విషయమేం కాదు. ఇంట్లో నాకు తప్ప అందరికీ విశ్రాంతి ఉందని నేను అన్నాను. అత్తయ్య ఒంటికాలి మీద లేచింది. నన్ను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళి గోడ మీద క్యాలెండర్ ఒక నెల వెనక్కి తిప్పింది. ఆరో తేదీ నుంచి పెన్సిల్‌తో అడ్డగీతలు, ఒక్కో రాత్రికి ఒక్కోటి. “నువ్వు మీ అక్క దగ్గర ఉన్న రోజులు. గిన్నెలన్నీ నేనే తోమాను. లెక్కపెట్టుకో, తొమ్మిది” అంది. నేను సరదాకి లెక్కపెట్టాను. తొమ్మిది.

ఆ తొమ్మిదో గీత మీదే నా వేలు ఆగిపోయింది.

గదిలోకి వచ్చి ఈ డైరీ వెనక్కి తిప్పాను. నా చేతిరాత, నా సిరా. “గిన్నె పెట్టినచోటే ఉంది. తొమ్మిది రోజులు.” ఇంత స్పష్టంగా రాసుకున్నదాన్ని ఐదు వారాలు ఎక్కడ దాచుకున్నాను నేను? సీసాని అన్నాను, నీళ్ళని అన్నాను, ఫర్నేస్‌ని అన్నాను, బాబాయిని బాధపెట్టాను. నోట్‌బుక్‌లో మూడు అని రాసి, రాసినదాన్ని రోజూ చదివి, చివరికి నేనే నమ్మేశాను. మూడు రోజుల్లో అవి సరిగ్గా కలవలేదు, తొమ్మిది రోజులు ఊరితే కలిశాయి. ఇంతకన్నా ఏమీ లేదు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి, తను అన్నదానికి ఏడుస్తున్నానా అని అడిగింది. లేదు, నవ్వుతున్నానని చెప్పాను. రెండూనూ.

మార్చి 24

కొత్త జెల్ పోశాను. మూత బిగించాను. తొమ్మిది రోజులు.

నోట్‌బుక్‌లో “ఊరబెట్టే కాలం పెంచి చూద్దామన్న ఆలోచన వచ్చింది” అని రాశాను. అబద్ధం కాదు, వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు.

మార్చి 28

రోజుకి రెండుసార్లు ఓవెన్ దగ్గరికి వెళ్ళి నిలబడుతున్నాను. తలుపు తెరవను. ఊరికే నిలబడతాను.

ఏప్రిల్ 2

తీశాను. గిన్నె అంచు వదిలేసింది, అప్పటిలాగే.

ఏప్రిల్ 4

ముల్లు లేదు! ఎక్కడా లేదు! మిషన్ అమ్మాయి ఈసారి నవ్వు ఆపుకోలేదు, ఇద్దరం కలిసే నవ్వాం. బాబాయికి చూపిస్తే గ్రాఫ్‌ని ఫర్నేస్ తలుపుకి ఆనించి దానికి కూడా చూపించాడు. నాతో మాట్లాడుతున్నాడు.

ఇక తొమ్మిది రోజులవి రెండు చేస్తే మూడూ అయిపోతాయి. గడువులోపలే. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. గుండె దూదిపింజలా ఉంది.

ఏప్రిల్ 5

తూనికరాయి రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకుని గంటసేపు కూర్చుంది. తరువాత నన్ను పిలిచి, తొమ్మిది రోజులకి రావడం అర్థమైంది, మరి ఫిబ్రవరిలో మూడు రోజులకే ఎలా వచ్చింది అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను.

“నువ్వు చెప్పలేవులే, ఇది ఆలోచించాల్సిన విషయం” అంది, సంతోషంగా.

ఏప్రిల్ 6

కొంప మునిగింది.

తూనికరాయి దగ్గర ఇప్పుడు ఒక సిద్ధాంతం ఉంది. ఫిబ్రవరి జెల్‌ని మూడో రోజు తీసి ఆరు రోజులు పొడిగా దాచాను కదా, ఆ దాచిన కాలంలోనే ఏదో జరిగిందట. బోర్డు నిండా బాణాలు గీసింది. ఒకచోట రంగు సుద్ద కూడా వాడింది. ఆవిడ రంగు సుద్ద వాడటం నేనెప్పుడూ చూడలేదు. మధ్యలో ఏదో కూనిరాగం తీసింది, నేను వింటున్నానని గుర్తొచ్చి దగ్గింది. పన్నెండో తేదీ మీటింగులో పదిమంది పెద్దల ముందు ఇది చెబుతుందట. వ్యాసం పేరు కూడా రాసుకుంది. పేరు కింద మా ఇద్దరి పేర్లు. నాది ముందు.

ముప్పై ఏళ్ళు తూచి తూచి మాట్లాడిన మనిషి. ఆవిడ చెప్పబోయే మొదటి తప్పు నా చేత్తో రాసింది.

చెబితే, జెల్‌ని వదిలిపోయాను, దొంగ లైను రాశాను, బాబాయి చేత సంతకం పెట్టించాను. మూడూ బయటపడతాయి. నాకు ముందువాడు ఒక్కదానికే వెళ్ళిపోయాడు. చెప్పకపోతే థీసిస్ వచ్చేస్తుంది.

భోజనం సహించలేదు. అత్తయ్య నా కంచం వైపు రెండుసార్లు చూసి ఏమీ అడగలేదు. అడిగితే బాగుండేది.

ఏప్రిల్ 7

ముందు బాబాయికి చెప్పాను. జూన్‌లో ఆయన రిటైరవుతున్నాడు. నీ పేరు రాకుండా చూస్తాను, సంతకం నేనే మభ్యపెట్టి చేయించానని చెబుతాను అన్నాను.

ఆయన ఫర్నేస్ తలుపు చివరిదాకా తుడిచాడు. తరువాత గుడ్డ మడిచి పెట్టాడు. “మభ్యపెట్టడానికి నేనేం పసిపిల్లాణ్ణా అమ్మాయ్? తెలిసే పెట్టాను. రేపు నువ్వు ఎన్నింటికి వెళ్తావో చెప్పు, చొక్కా మార్చుకుని వస్తాను” అన్నాడు.

ఏప్రిల్ 8

చెప్పేశాను.

పదింటికి మేడమ్ గదికి వెళ్ళాం. బాబాయి ఇస్త్రీ చొక్కాతో నా పక్కన నిలబడ్డాడు. బోర్డు మీద బాణాలు అలాగే ఉన్నాయి. కూర్చోమన్నారు, మేం కూర్చోలేదు. ఫిబ్రవరి జెల్ మూడో రోజు తీయలేదు మేడమ్, నేను ఊళ్ళోనే లేను, తొమ్మిది రోజులూ ఓవెన్‌లోనే ఉంది, లైను తరువాత రాశాను, బాబాయి సంతకం నా కోసం పెట్టాడు అని ఒక్క ఊపిరిలో అనేశాను. సాకులు చెప్పకూడదని ముందే అనుకున్నాను. అక్క కాలు మాత్రం నోరు జారి బయటికి వచ్చింది.

మేడమ్ లేచి డస్టర్ తీసుకుని బోర్డు తుడవడం మొదలుపెట్టారు. రంగు సుద్ద బాణాలు చివరగా తుడిచారు. ఆవిడ కోప్పడి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

కూర్చుని, “తీయలేదని ఆధారం ఏమిటి?” అని అడిగారు.

నేను తెల్లబోయాను. నేనే చెబుతున్నాను కదా మేడమ్ అన్నాను.

“అప్పుడు తీశానని కూడా నువ్వే చెప్పావు. రెండు నెలల తరువాత గుర్తున్నది నాకు ఆధారం కాదు. ఆ రోజు రాసింది ఏదైనా ఉందా?”

సంచీలోంచి క్యాలెండర్ తీసిచ్చాను. అత్తయ్య పొద్దున గోడ మీదనుంచి ఊడదీసి, ఇది చూపించు, నేను సాక్ష్యానికి వస్తాను కూడా అని ఇచ్చింది. మేడమ్ తొమ్మిది గీతలూ శ్రద్ధగా చూశారు. నువ్వు ఇంట్లో గిన్నెలు తోమలేదని దీనివల్ల రుజువైంది, జెల్ ఎక్కడుందో రుజువు కాలేదు అన్నారు. బాబాయి దగ్గినట్టు నటించాడు.

ఇక మిగిలింది ఒక్కటే. సంచీలో ఉంది. ఆ పేజీలో ఏముందో నాకు ప్రతి అక్షరం తెలుసు. “నా డైరీ ఉంది మేడమ్. కానీ అది నా కోసం రాసుకున్నది” అన్నాను.

“నాకు ఒక్క పేజీ చాలు” అన్నారు.

ఫిబ్రవరి 15 తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ మిగతా పేజీలు కనబడకుండా వాటి మీద తెల్లకాగితం కప్పి చదివారు. మొదటి పేరా. రెండో పేరా. చట్టాల దగ్గర కళ్ళు ఆగాయి. చివరి లైను దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాయి. ఏడేళ్ళు గడప దాటని పేరు, దాటి వెళ్ళి తిన్నగా ఆవిడ కళ్ళద్దాల ముందు కూర్చుంది.

మొహంలో ఏ మార్పూ లేదు. ఆ పేజీకి జెరాక్స్ తీయించి నోట్‌బుక్‌లో తొమ్మిదో తేదీ ఎదురుగా అతికించమన్నారు. ఆ దొంగ లైను మీద నా చేత ఒక్క గీత గీయించారు. బాబాయి చేత ఆయన సంతకం మీద ఒక గీత, తన సంతకం మీద తను ఒక గీత. ముగ్గురం తేదీలు వేశాం. కొట్టేసినవన్నీ కింద శుభ్రంగా కనబడుతున్నాయి.

అప్పుడు తీర్పు. బాబాయి సర్వీసులో ఇది మొదటి గీత, ఇదే చివరిది కావాలి అన్నారు. నేను రేపే రెండు జెల్స్ విడివిడిగా పోయాలి. పోసినప్పటి నుంచి తీసేదాకా ఒక్క రోజు తప్పకూడదు. రెండూ సరిగ్గా వస్తేనే థీసిస్. ఫిబ్రవరి జెల్ ఓవెన్‌లో వదిలేసి పోయినదని, చూసి చేసింది కాదని, థీసిస్‌లో నా మాటల్లో నేనే ఒక పేరా రాయాలి. అతికించిన పేజీ మీద సంతకం మాత్రం ఇప్పుడు పెట్టరట. “ఇందులో ఉన్నది నిజమని ఆ రెండు జెల్స్ చెప్పాలి. అప్పుడు పెడతాను” అన్నారు.

గుమ్మం దాకా వచ్చాక పిలిచి, మీ అక్క కాలు ఎలా ఉందని అడిగారు. నడుస్తోంది మేడమ్ అన్నాను.

ఏప్రిల్ 9

రెండు గిన్నెలు, రెండు మూతలు. మేడమ్ ఎదురుగా పోశాను. ఒక్క చుక్క కూడా తొణకలేదు.

ఏప్రిల్ 12

మేడమ్ మీటింగు నుంచి వచ్చారు. ఆ సిద్ధాంతం చెప్పలేదట. ఏం చెప్పారో చెప్పలేదు. నేను అడగలేదు.

ఏప్రిల్ 13

ఆవిడ ఆ మాట చదవలేదేమో. అక్షరాలు చిన్నవి.

ఏప్రిల్ 14

చదివింది. ఇంటాయన చెప్పాడు, ఆవిడ పోయిన నెలే తన షాపులో కొత్త అద్దాలు వేయించుకుందట. దగ్గరి చూపు అమోఘం అన్నాడు. భర్తలు ఇలాంటప్పుడే నిజాలు చెబుతారు.

ఏప్రిల్ 16

పోనీ, మంచి అర్థంలో పెట్టిన పేరే కదా. గౌరవంతోనే. ఎక్కువ భాగం గౌరవంతోనే.

ఏప్రిల్ 18

రెండూ తీశాను. బాబాయి గడియారం చూసి సమయం చెప్పాడు, నేను రాశాను. కళ్ళతో చూసి సంతకం పెట్టాడు, పేరంతా పొడుగ్గా.

ఏప్రిల్ 22

మధ్యాహ్నం రెండు గ్రాఫులూ వచ్చాయి. మొదటిదానిలో ముల్లు లేదు. రెండోదానిలో కూడా లేదు. నేను గెంతలేదు, అరవలేదు. మిషన్ గది మెట్ల మీద కూర్చుని రెండు కాగితాలూ ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఉండిపోయాను. ఇవి నేను చూస్తుండగా వచ్చాయి. మొదటిదాని ఆనందం కన్నా ఇది వేరే రుచి.

గ్రాఫులు, నోట్‌బుక్ మేడమ్ బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఎదురుగా నిలబడే ధైర్యం లేక చల్లగా జారుకున్నాను. ఐదింటికి నోట్‌బుక్ నా బల్ల మీదకి తిరిగి వచ్చింది. దాని కింద నా థీసిస్ మొదటి పేజీ, దాని మీద సంతకం. అత్తయ్యకి ఫోన్ చేశాను. ఇంతకీ పొడి ఏ రంగు వచ్చింది అంది. తెల్లగానే అత్తయ్యా అన్నాను. మొదటినుంచీ తెల్లగానే ఉంది కదా, దీనికి ఏడేళ్ళా అని ఫోన్ పెట్టేసింది. ఇంటాయన ఈసారి నన్ను అడక్కుండానే ఫ్రేము కొలతలు తీసుకున్నాడు.

నోట్‌బుక్ మాత్రం బల్ల ఖాళీ చేసి, బాబాయి వెళ్ళిపోయాక, ఒక్కదాన్నే ఉన్నప్పుడు తెరిచాను. అతికించిన డైరీ పేజీ నాలుగు మూలలా మేడమ్ సంతకం ఉంది, సగం జెరాక్స్ కాగితం మీద, సగం నోట్‌బుక్ మీద, ఎవరూ ఊడదీయకుండా. ఎర్ర పెన్నుతో పేజీ మొత్తం చదివిన గుర్తులున్నాయి. “కొంచెం కుదించుకుపోయి” దగ్గర “కొంచెం” మీద గీత, పైన “ఎంత?” అని. చివరి లైనుకి వచ్చాను. “ఈ వారమంతా” మీద ఒక్క గీత. పైన “పది రోజులు” అని దిద్ది, పొట్టి సంతకం, తేదీ.

ఆ పక్కనే ఉన్న “తూనికరాయి” మీద గీత లేదు.